సమస్యాపూరణం: గీత పడని వాచి కీడు సేయు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగవ పాదం ఇస్తున్నాను, అర్థం కుదిరేలా మొదటి మూడు పాదాలూ మీరు పూరించాలి.

గీత పడని వాచి కీడు సేయు

లక్షలు పోసి కొన్న వాచీని బ్యాంకు లాకరులో పెట్టినవారూ, అలాంటిదాన్నే రోజూ చేతికి పెట్టుకొని సిటీ బస్సు ఎక్కేవారూ మన బృందంలో ఉన్నారు. వారి వాదన వినీ వినీ ఈ పాదం తట్టింది. గీత పడితే నష్టం గానీ పడకపోతే కీడేమిటి? అదే చిక్కు, విప్పండి. ఒక షరతు. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలైన బెంగళూరులో కూర్చొని పద్యాలు రాస్తున్నాం కాబట్టి, యంత్రం విషయంలో తప్పు చెబితే యతిభంగంతో (పాదంలో అక్షరమైత్రి తప్పడంతో) సమానంగా లెక్కిస్తాను.

మల్లేశ్వరం మాస్టారు:

పెట్టెలోన దాచి పెట్టిన యంత్రాన
చమురు గట్టిపడును చక్రములకు
నడవనట్టి కాలు నలతపడ్డట్టులే
గీత పడని వాచి కీడు సేయు

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు: మాస్టారూ, యతులన్నీ కుదిరాయి, చమురే కుదరలేదు. ఇప్పటి వాచీలలో వాడే కృత్రిమ నూనెలు అంత తొందరగా గట్టిపడవు. పైగా చేతికి ఉన్నా పెట్టెలో ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ నూనె పాతబడుతుంది, సర్వీసింగు తప్పదు. చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ వాచీని రెండు మూడు రోజులు కదపకపోతే ఆగుతుంది. ఆగినంత మాత్రాన చెడిపోదు, మళ్లీ పెట్టుకుంటే నడుస్తుంది.

మల్లేశ్వరం మాస్టారు: నా పద్యంలోది మీ స్విట్జర్లాండ్ వాచీ అని ఎవరన్నారు నాయనా? రోజూ పొద్దున కీ ఇచ్చుకునే హెచ్.ఎం.టి. జనతా. బీరువాలో మరచిపోయిన జనతాను బాగుచేయించి చూడు, అప్పుడు మాట్లాడు.

నిర్వాహకుడు: పాత వాచీ వరకు పూరణ చెల్లుతుంది. మూడవ పాదం గణాల మీద ఒకరు విడిగా సందేహం అడిగారు: ‘నలతప’ నగము, ‘డ్డట్టులే’ రగణము. రెండూ అక్కడ ఉండవలసిన ఇంద్రగణాలే, సరిపోయింది.

కె.ఆర్.పురం కొత్త సభ్యుడు: ఇది నా మొదటి పూరణ, మన్నించాలి.

మెఱయు చేయి చూచి మెట్రోల రద్దీన
కనులు పెట్టి దొంగ వెంట నడిచె
పాతదైన దాని పట్టించుకొనడాయె
గీత పడని వాచి కీడు సేయు

నిర్వాహకుడు: మన్నించవలసినది ఒక్కచోటే. రెండవ పాదంలో ‘క’కు ‘వెం’తో యతి చెల్లదు. ‘కనులు పెట్టి దొంగ కదలి వచ్చె’ అనండి. ‘మెట్రోల’ అన్న బహువచనం గణం కోసం వచ్చిందని కనిపిస్తూనే ఉంది. ‘మెట్రోని రద్దీన’ అన్నా గణం చెడదు. ఇక ఊహ సంగతి. దొంగకు గీతలతో పనేమిటి? డయల్ మీద ఉన్న పేరుతో పని. గీతలు పడిన రోలెక్స్‌ను వదిలేసి పోయేంత అమాయకుడైతే అతడు ఆ వృత్తిలో ఎన్నాళ్లు నిలుస్తాడు?

కోరమంగళ సభ్యుడు:

కొత్తదనము చూచి కొలువులో నెల్లరు
నకిలి సరకటంచు నవ్విరయ్య
నిజము చెప్పుకొన్న నిందయే మిగులును
గీత పడని వాచి కీడు సేయు

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు: నవ్వించారు. కానీ ఆఫీసులో వాళ్లు చూడవలసిన చోట చూడలేదు. మంచి వాచీ అద్దం నీలం రాయితో సమానమైన స్ఫటికం, మోస్ కొలమానంలో కాఠిన్యం పదికి 9. గోడకు రాసుకున్నా దానిమీద గీత పడటం అరుదు. ముందు గీతలు పడేది చైను బకిల్ మీద. రోజంతా ల్యాప్‌టాప్ అంచుకు రాసుకునేది అదే కదా. రోజూ పెట్టుకునేవారి అద్దం తళతళలాడుతుంది, బకిల్ మాత్రం గీతలమయం. అద్దం మీద గీతలున్న ‘స్విస్ వాచీ’ కనిపిస్తే అప్పుడు నవ్వండి.

కోరమంగళ సభ్యుడు: అలాగైతే మా మేనేజరుగారి వాచీని రేపు పరీక్షగా చూడాలి.

జయనగర్ అక్కయ్య:

ఎత్తుకొమ్మనంగ నెడమచేయిని దాచు
తండ్రిఁ జూచి బిడ్డ తల్లిఁ జేరె
మెఱుపు చెడునటంచు మెడఁ జుట్టనీయని
గీత పడని వాచి కీడు సేయు

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, ఇప్పటిదాకా వచ్చిన పూరణలన్నీ వాచీకి జరిగే కీడునో, వాచీ వల్ల డబ్బుకూ పరువుకూ వచ్చే కీడునో చెప్పాయి. మీరొక్కరే కీడు ఇంట్లో ఎవరికో చూశారు. మూడవ పాదం చివర ‘జుట్టనీయని’ అన్న విశేషణం తిన్నగా సమస్యలోని వాచికి అతుక్కోవడం ముచ్చటగా ఉంది. అతుకు కనిపించని పూరణ అంటే ఇదే.

కోరమంగళ సభ్యుడు: ఆ తండ్రి పక్షాన ఒక మాట. ఉక్కు చైను బిడ్డ బుగ్గకు గీరుకుంటుందని చెయ్యి దాచాడేమో!

జయనగర్ అక్కయ్య: అదే అయితే విప్పి బల్లమీద పెట్టేవాడు తమ్ముడూ, వెనక్కి దాచడు.

మల్లేశ్వరం మాస్టారు: అంత భయమెందుకు, గీతలు పడితే పాలిష్ చేయించుకోవచ్చుగా?

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు: పాలిష్ పట్టిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోతుంది మాస్టారూ. అంచుల పదును పోయి గుండ్రబడతాయి. పాత వాచీలు సేకరించేవారు చాలామంది పాలిష్ పట్టని వాటినే కోరుకుంటారు. గీతను చెరిపినందుకు ధర తగ్గవచ్చు, ఉంచినందుకు కాదు. మీ వాదనకు చమురు కంటే ఇదే గట్టి ఆధారం, ఇంకో పద్యం రాయండి.

యశవంతపుర సభ్యురాలు: అందరూ గీతను గాటుగానే తీసుకున్నారు. నేను దారి మార్చాను.

అంకె లేకయున్న నందమే యనుకొంటి
రైలు వేళ తెలియరాక పోయె
చుక్క తప్ప వేరె సూచన యుండని
గీత పడని వాచి కీడు సేయు

నిర్వాహకుడు: భేష్! డయల్ మీద నిమిషాల గీతలే లేని వాచీ! సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా అర్థాన్ని పక్కకు జరిపారు. ‘చు’కు ‘సూ’తో యతి కూడా నియమబద్ధమే. చుక్క తప్ప ఏమీ లేని వాచీ కల్పన కాదు, కొత్త సభ్యులు గమనించాలి. 1947లో నేథన్ జార్జ్ హార్విట్ రూపొందించిన డయల్‌లో 12 ఉండవలసిన చోట ఒక్క చుక్క మాత్రమే ఉంటుంది. మొవాడో వాచీలకు అదే గుర్తుగా నిలిచింది.

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు: కచ్చితమైన వాచీలకిచ్చే క్రోనోమీటర్ ధ్రువపత్రం కావాలంటే యంత్రం రోజుకు సగటున 4 సెకన్ల వెనుకకూ 6 సెకన్ల ముందుకూ మించి తప్పకూడదు. అంత కచ్చితంగా నడిచినా ముఖం చదవలేకపోతే ఏం లాభం? ఇంతకీ రైలు దొరికిందా అమ్మా?

యశవంతపుర సభ్యురాలు: పద్యంలో దొరకలేదు. నాకు దొరికింది, ఫోనులో సమయం చూసుకున్నాను.

నిర్వాహకుడు: ఊహకు మొదటి స్థానం యశవంతపుర సభ్యురాలికి, ధారకు జయనగర్ అక్కయ్యకు. కొత్త సభ్యుడు సవరించిన పద్యాన్ని మళ్లీ పంపాలి. మాస్టారికి ఇంజనీరుగారి సూచనతో రెండో పూరణ బాకీ. వచ్చే వారం తేటగీతి:

ఆగిపోయిన గడియార మాశ నిచ్చె

రోజుకు రెండుసార్లు సరైన సమయం చూపుతుందన్న పూరణ మాత్రం పంపవద్దు, అది అందరికీ తడుతుంది.