థైరాయిడ్ ఎక్కువై గుండె లయ తప్పితే బ్లడ్ థిన్నర్ వాడాల్సిందేనా?

నీలిమేఘం: మా అక్కకి గ్రేవ్స్ (థైరాయిడ్ హార్మోన్ అతిగా తయారయ్యే జబ్బు) అని తేలింది, ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె లయ తప్పడం) కూడా ఉంది. ఒక డాక్టర్ గారు వెంటనే బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డ కట్టకుండా చూసే మందు) మొదలుపెడదాం అన్నారు, ఇంకొకరేమో వయసు నలభై లోపే, బీపీ షుగర్ లేవు, థైరాయిడ్ దారికొస్తే దడా పోతుంది, అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

తెల్లకాగితం: వాడాలనే అంటా. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఫ్యాక్టర్ 8, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, ఫైబ్రినోజెన్ అనే గడ్డ కట్టించే పదార్థాలు పెరుగుతాయండి, గడ్డ కరగకుండా అడ్డుపడే పీఏఐ-1 కూడా పెరుగుతుంది, అంటే గడ్డ తేలిగ్గా కడుతుంది, కరగడం లేటవుతుంది. దానికి తోడు ఏఎఫ్‌లో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోవు, ఎడమ పై గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచిపోతుంది, అక్కడ కట్టిన గడ్డ మెదడుకి చేరితే పక్షవాతమే.

వేపచెట్టు: అన్నా, ల్యాబ్‌లో ఫ్యాక్టర్ పెరగడం వేరు, మనిషికి గడ్డ కట్టడం వేరు. ఏఎఫ్‌లో డాక్టర్లు పక్షవాతం రిస్క్ కొలవడానికి చూసే చాడ్స్-వాస్క్ స్కోర్‌లో వయసు, బీపీ, షుగర్, హార్ట్ ఫెయిల్యూర్, పాత స్ట్రోక్ ఇవన్నీ ఉంటాయి, థైరాయిడ్ లేదు. ఆ స్కోర్ తక్కువున్న మనిషికి థిన్నర్ ఇస్తే బ్లీడింగ్ రిస్క్ మాత్రం ఖాయంగా మోయాలి కదా. చాలామందికి హార్మోన్ నార్మల్ అయ్యాక కొన్ని నెలల్లో లయ దానంతటదే సర్దుకుంటుంది కూడా.

తెల్లకాగితం: ఆ కొన్ని నెలలే నా భయం. స్కోర్‌లో లేదు కాబట్టి రిస్క్ లేదని ఎలా అంటారు? వాన్ విల్లెబ్రాండ్ వచ్చేదే ప్రధానంగా రక్తనాళం లోపలి పొర నుంచి, అది పెరిగిందంటే ఆ పొర మీద ఒత్తిడి పడుతోందనే అనుకోవాలి. టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ చిన్న నాళాల్ని వదులు చేస్తుంది, గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకే పై బీపీ పెరిగి కింది బీపీ తగ్గి 150/60 లాంటి రీడింగులు కనిపిస్తాయి.

మందులచీటీ: ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. థిన్నర్ అంటే వార్ఫరిన్ అయితే చాలా జాగ్రత్త. థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు విటమిన్ కె మీద ఆధారపడే, గడ్డ కట్టించే ఫ్యాక్టర్లు త్వరగా ఖర్చైపోతాయి, కాబట్టి మామూలు డోస్‌కే ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంత టైం పడుతోందో చెప్పే టెస్ట్) ఎగబాకుతుంది, 2–3 మధ్య ఉండాల్సింది 5 దాటి చిగుళ్ల నుంచి రక్తం కారొచ్చు. తర్వాత కార్బిమజోల్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గించే మాత్ర) పనిచేసి హార్మోన్ తగ్గుతుంటే అదే వార్ఫరిన్ డోస్ చాలదు, ఐఎన్ఆర్ పడిపోతుంది. థైరాయిడ్ మందు డోస్ మార్చిన ప్రతిసారీ ఐఎన్ఆర్ చూపించుకోవాలన్నమాట. అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకి ఈ ఐఎన్ఆర్ గోల లేదు గానీ కిడ్నీ రిపోర్ట్ చూసి ఇవ్వాలి.

వేపచెట్టు: ఇది ఒప్పుకుంటా. అయినా అందరికీ ఇవ్వాలన్న మాటకి మాత్రం ఒప్పుకోను, ఎకో (గుండె స్కానింగ్)లో ఎడమ పై గది పెద్దదైందా, వాల్వ్ బాగుందా చూశాకే.

నీలిమేఘం: ఎకో ఇంకా తీయలేదండి. తీయించి రిపోర్ట్‌తో ఇద్దరు డాక్టర్లనీ స్కోర్ ఎంతొచ్చిందో అడుగుతా. ఈలోపు ఏం గమనించాలి?

మందులచీటీ: మూతి ఒక పక్కకి పోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి బలం లేకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి తగ్గకుండా ఉండటం, ఒక కాలు మాత్రమే వాచడం. వీటిలో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దని అక్కకి చెప్పండి.