లేఅవుట్ పార్కు జాగా మీద కౌన్సిల్ ఓటు: మామూలు మెజారిటీ చాలా, మూడింట రెండొంతులు ఉండాలా?

హంద్రీ గట్టు:
కర్నూలు కార్పొరేషన్‌లో 52 డివిజన్లు. మీటింగుకు 30 మంది వచ్చి 16 చేతులు లేస్తే తీర్మానం పాసయినట్టే. రోడ్డు ప్యాచ్‌వర్కుకూ ఇదే లెక్క, పార్కు జాగాలో షాపింగ్ కాంప్లెక్సుకూ ఇదే లెక్క. ప్యాచ్‌వర్కు పాడైతే మళ్లీ వేస్తారు. కాంప్లెక్సు లేచినాక పార్కు యాడ నుంచి తెస్తారు? మేయర్ని దించాలంటే మూడింట రెండొంతులు కావాల. జాగాకు కూడా అదే పెట్టండి: 35 మంది, పేరు పిలిచి ఓటు.

నక్షా పిచ్చోడు:
35 ఎట్లా వస్తాదన్నా? ఎక్స్ అఫీషియోలను, అంటే పదవి వల్ల కౌన్సిల్లో ఓటుండే ఎమ్మెల్యే, ఎంపీ లాంటోళ్లను మర్చిపోయినావు. కర్నూలు డివిజన్లు కర్నూలు, పాణ్యం, కోడుమూరు మూడు నియోజకవర్గాల్లో ఉన్నాయి. ముగ్గురు ఎమ్మెల్యేలు, కర్నూలు ఎంపీ కలిస్తే 56, అందులో మూడింట రెండొంతులంటే 38. అయితే వాళ్లు ఓటుకు ఒక్క ఊరి కౌన్సిల్నే ఎంచుకోవాల. కోడుమూరు ఎమ్మెల్యే గూడూరును, ఎంపీ ఆదోనినో ఎమ్మిగనూరునో ఎంచుకుంటే 54కు దిగి 36 చాలు. ఎమ్మెల్సీ ఎవరన్నా గానీ, పాణ్యం తన కిందికొచ్చే నంద్యాల ఎంపీ గానీ చేరితే మళ్లా మారుతాది. 2025 ఏప్రిల్‌లో విశాఖలో మేయరు మీద అవిశ్వాసానికి 74 కావాల, సరిగ్గా 74 పడినాయి. ఒక్క ఎక్స్ అఫీషియో ఇటుంటే కథ వేరే. కౌన్సిలే ఎంచుకునే కో ఆప్షన్ సభ్యులు మాట్లాడొచ్చు గానీ ఓటు లేదు.

అసలు సంగతి వేరే ఉంది. 2021లో కడపలో 50కి 48, అనంతపురంలో 50కి 48, కర్నూలులో 52కి 41 ఒకే పార్టీకి వచ్చినాయి. అట్లాంటి కౌన్సిల్లో మూడింట రెండొంతుల గేటు తెరిచి పెట్టిన గేటే.

సెంటు లెక్క:
నేను ఇద్దరితోనూ ఒప్పుకోను. పార్కు అని గీసిన జాగాల్లో ఎన్నిట్లో కంపచెట్లు తప్ప ఏముంది? ఓవర్‌హెడ్ ట్యాంకుకు పది సెంట్లు కావాలన్నా 36 మందిని బతిమాలుకోవాలంటే పని నడవదు. ట్యాంకు, అంగన్‌వాడీ లాంటివాటికి మామూలు మెజారిటీ ఉంచండి. అద్దె వచ్చే కట్టడానికి మాత్రం గట్టి రూలు పెట్టండి.

ఈసీ తీయించు:
ఓట్లు లెక్కబెట్టే ముందు ఆ జాగా ఎవరి పేరున ఉందో చూడండి సార్. 2017 లేఅవుట్ రూల్స్ ప్రకారం 10 శాతం ఓపెన్ స్పేస్‌ను రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాల. 5 ఎకరాల లేఅవుట్‌లో అది 50 సెంట్లు, 2,420 గజాలు. డీడ్ రాయకుండా వదిలేస్తే రికార్డులో పాత పట్టాదారు పేరే నిలుస్తాది. ఇరవై ఏండ్లకు వారసులు దాన్నే ప్లాట్లు చేసి అమ్ముతారు, కొన్నోడు కోర్టుకెక్కుతాడు. అప్పుడు కౌన్సిల్ తీర్మానం కాగితం ముక్క.

చేయాల్సింది: ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో ఆమోదించిన ప్లాను నకలు, ఆ సర్వే నంబరు మీద ఈసీ (జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), గిఫ్ట్ డీడ్ నకలు తీసుకోవాల. కార్పొరేషన్ దగ్గరుండే కాగితాలకు 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తు, 30 రోజుల గడువు. తర్వాత టేపు పట్టి హద్దులు కొలవాల. ప్లానులో 2,420 ఉండి నేల మీద 1,900 ఉంటే మొదటి గొడవ అదే.

డీడ్ ఉన్నా కూడా పార్కును ఇష్టమొచ్చినట్టు మార్చలేరు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు జాగాను ఆస్పత్రికి ఇచ్చిన కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్పత్రికే చెల్లకుంటే కాంప్లెక్సుకు ఎట్లా చెల్లుతాది?

నక్షా పిచ్చోడు:
ఇంకోటి. మాస్టర్ ప్లానులో జాగా వాడకం మార్చడం కౌన్సిల్ ఒక్కదాని చేతిలో లేదు. తీర్మానం ప్రభుత్వానికి పోవాల, నోటిఫికేషన్ వేసి అభ్యంతరాలు అడగాల. జనం కౌన్సిల్ హాలు ముందర అరిచి ఇంటికి పోతారు, అభ్యంతరాల గడువేమో చడీచప్పుడు లేకుండా దాటిపోతాది.

హంద్రీ గట్టు:
సరే, సెంటు లెక్క చెప్పిన తేడా ఒప్పుకుంటా, ట్యాంకుకు మినహాయింపు ఇద్దాం. 35 అన్నది కూడా వదిలేస్తా. టేబుల్ అజెండా మాత్రం వదలను. మెయిన్ అజెండా ముందుగా చేతికొస్తాది. పార్కు జాగాలాంటి ఐటెం మీటింగు రోజే బల్ల మీదికొస్తాది, సర్వే నంబరు ఉంటాది గానీ నక్షా ఉండదు. కార్పొరేటరు చదివేలోపే "ఆమోదం, ఆమోదం" అంటారు. భూమి ఐటెం ఏదీ టేబుల్ అజెండాలో రాకూడదు, నక్షా లేకుండా రాకూడదు.

ఈసీ తీయించు:
దానికి నేనూ చెయ్యెత్తుతా. పేరు పిలిచి ఓటు కూడా వదలొద్దన్నా. ఇప్పుడు మినిట్స్‌లో "మెజారిటీ సభ్యుల ఆమోదంతో" అని ఒక్క ముక్క రాస్తారు, ఎవరు ఎటో తెలీదు. అంతదాకా, వ్యతిరేకించే కార్పొరేటరు అసమ్మతి పత్రం అదే రోజు మీటింగులోనే రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాల. మినిట్స్ సంతకమైనాక ఇస్తే ఫైల్లో ఎక్కదు.