అప్‌డేట్: పాత ప్లాటినం రికార్డు అవార్డు అసలుదేనా?

1968 నాటిదని చెప్పి నాకు అమ్మిన ప్లాటినం రికార్డు అవార్డులో (భారీగా అమ్ముడైన ఆల్బమ్‌కు గుర్తింపుగా ఇచ్చే, పూత పూసిన డిస్కు ఉన్న జ్ఞాపిక), డిస్కు మీద కనిపించే పాటల సంఖ్య లేబుల్‌తో సరిపోలడం లేదని, అది నకిలీయేమోనని ఇదివరకు అడిగాను. ఆ ఒక్క కారణంతో అనుమానించనక్కర్లేదని మీరు చెప్పిన మాట నిజమే. చేతికందిన ఏదో ఒక డిస్కుకు పూత పూసి, గౌరవం పొందిన ఆల్బమ్ లేబుల్ అతికించడం ఆ రోజుల్లో మామూలే. అయితే ఇత్తడి ఫలకాన్ని భూతద్దంతో చూసినప్పుడు అసలు చిక్కు బయటపడింది: ఆర్‌ఐఏఏ (ఈ అవార్డులిచ్చే అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) పేరు కింద 1968 అని స్పష్టంగా చెక్కి ఉంది. ఆ సంఘం 1958లో గోల్డ్ అవార్డులు మొదలుపెట్టినా, ప్లాటినం స్థాయిని 1976లో గాని తీసుకురాలేదు. ఎంతో ఇష్టపడి కొన్న వస్తువు కావడంతో చాలా బాధ కలిగింది. అమ్మినవారు సొమ్ము తిరిగి ఇచ్చేశారు.