పాత కరెంటు గడియారం గరగరమంటోంది, ఏం చేయాలి?

సందేహం:
నమస్తే అండి. మేం న్యూజెర్సీలో ఉంటాం. పాత సామాన్లు అమ్ముతుంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు గడియారం ఒకటి కొన్నాను. వెనక 110 వోల్టులు, 60 సైకిల్స్ అని రాసి ఉంది. టైమ్ కరెక్ట్‌గానే చూపిస్తోంది కానీ ఒకటే గరగర. పొద్దున్నే ఎక్కువ, గది వెచ్చబడ్డాక కాస్త నయం. మూత తీస్తే రాగి రంగు చిన్న డబ్బా, పక్కనే తీగ చుట్టిన కాయిల్ కనిపించాయి. డబ్బా ఎటు నుంచీ తెరుచుకోవట్లేదు. కొబ్బరి నూనె ఓ చుక్క వేయొచ్చా? విజయవాడ వెళ్లేటప్పుడు నాన్నగారికి తీసుకెళ్దామని ఉంది.

జవాబు:
కొబ్బరి నూనె వద్దండి. చలికి గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురైపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు, అది ఉన్న నూనెను కడిగేస్తుంది.

ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. మూత బిగించి, గడియారం నడుస్తుండగా ఒకసారి బోర్లా, ఒకసారి తలకిందులుగా పెట్టి వినండి. చప్పుడు మారితే తప్పు ఆ డబ్బాలోనే. ఎలా పెట్టినా ఒకేలా 'మ్మ్' అని మోగుతుంటే కాయిల్ గానీ, దాని ఇనుప రేకులు గానీ వదులయ్యాయని అర్థం. పొడి కర్రపుల్లతో వెనక మూత మీద నొక్కినప్పుడు ఆగిపోతే వదులైంది ఆ మూతే, స్క్రూ బిగిస్తే చాలు. మీరు చెప్పినట్టు వెచ్చబడితే తగ్గుతోందంటే నాకు డబ్బా మీదే అనుమానం.

మీ వర్ణన చూస్తే ఇది అమెరికాలో హెన్రీ వారెన్ మొదలుపెట్టిన టెలిక్రాన్ రకంలా ఉంది. ఆ డబ్బాను రోటర్ అంటారు. లోపల మోటారు నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది, పళ్లచక్రాలు ఆ వేగాన్ని బాగా తగ్గించి బయటి చిన్న చక్రానికి అందిస్తాయి. అన్నీ నూనెలో ఉండాలి. ఏళ్లు గడిచేసరికి ఆ నూనె ఇంకిపోయి, మిగిలింది చిక్కబడుతుంది. ఆ గరగర దానిదే.

ప్లగ్ తీసేసి, కాయిల్‌ను పట్టి ఉంచే స్క్రూలు విప్పి రోటర్‌ను మెల్లగా బయటికి లాగండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి, చేత్తో పట్టుకోలేనంత వేడి చాలు. మంట మాత్రం చూపించొద్దు. వెంటనే చిన్న చక్రం పైకి ఉండేలా నిలబెట్టి, ఇరుసు మొదట్లో ఒక చుక్క నూనె వేసి చల్లారనివ్వండి. లోపలి గాలి ముడుచుకుంటూ నూనెను లోపలికి లాక్కుంటుంది. ఆ చుక్క ఇరుసు చుట్టూ నెమ్మదిగా ఇంకిపోవడం కంటికి కనిపిస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఇంకకపోతే మళ్లీ వేడి చేయండి. ఇలా నాలుగైదుసార్లు చేసి, బయట మిగిలింది తుడిచేయండి. సింథటిక్ క్లాక్ ఆయిల్ మంచిది, దొరక్కపోతే కార్లకు వాడే 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిల్ సరిపోతుంది. కుట్టు మిషన్ నూనె మరీ పల్చన.

కొందరు డబ్బాకు సన్నటి రంధ్రం పెట్టి, సిరంజితో నూనె ఎక్కించి, సోల్డర్‌తో మూసేస్తారు. అది బాగానే పనిచేస్తుంది, కానీ మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

మరో సభ్యురాలు:
వైరు కూడా చూసుకోండి. పాత రబ్బరు వైరు వంచితే చిట్లి రాగి బయటపడుతుంది. అలా ఉంటే మార్చాకే ప్లగ్ పెట్టండి. ముళ్లకూ అంకెలకూ చీకట్లో మెరిసే రంగు పూసి ఉంటే గీకొద్దు, ఆ కాలంలో అందులో రేడియం వాడేవారు.

సందేహం అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. తలకిందులుగా పెడితే చప్పుడు నిజంగానే తగ్గింది! ఈ వారాంతం నూనె పని పెట్టుకుంటా. విజయవాడలో వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది కదా?

జవాబు:
సరిపోదండి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తుంది గానీ, మన 50 సైకిల్స్‌ను (అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్కను) 60 చేయలేదు. ఈ గడియారానికి సొంత లెక్క ఉండదు, కరెంటు సైకిల్సే దాని లెక్క. అందుకే వారెన్ 1916లో బోస్టన్ విద్యుత్ కేంద్రంలో సైకిల్స్ సరిచూసే గడియారం పెట్టించాడు. మన దగ్గర ఇది గంటకు 10 నిమిషాలు, అంటే రోజుకు 4 గంటలు వెనకబడుతుంది. పైగా కాయిల్ మామూలు కంటే వేడెక్కుతుంది.

110 వోల్టులు, 60 సైకిల్స్ ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటులాగే నున్నటి అలగా కరెంటు ఇచ్చేది) దొరికితే నిశ్చింతగా నడుస్తుంది. లోపలిదంతా పీకేసి క్వార్ట్జ్ మిషన్ పెట్టమని ఎవరైనా చెప్పినా దయచేసి వినకండి, అంతకాలం నడిచిన యంత్రం అది. నాన్నగారికి తేలిగ్గా ఉండాలంటే బ్రిటన్‌లో తయారైన స్మిత్స్ సెక్ట్రిక్ లాంటిది వెతకండి. అవి 50 సైకిల్స్‌కే చేసినవి. వోల్టేజీ మాత్రం వెనక రాసింది చూసుకుని కొనండి. ఇది మీ దగ్గరే ఉంచుకోండి.