టెస్ట్ సర్వర్ పెట్టినా అన్యాయం అంటున్నారు, ఇంకేం చెయ్యాలి?

మాదాపూర్ మంత్రగాడు:
పొద్దున్నుంచీ ఇదే గోల, తిండి కూడా తినలేదు. మాది చిన్న స్టూడియో, ఆన్‌లైన్ ఆర్‌పీజీ (క్యారెక్టర్‌ని పెంచుకుంటూ ఆడే గేమ్). హీలర్ క్లాసుని, అంటే తోటివాళ్లకి వైద్యం చేసే రకం క్యారెక్టర్‌ని, బాగా మార్చాం. మానా (మంత్రాలకి వాడే శక్తి) ఖర్చు, కూల్‌డౌన్లు (స్కిల్ మళ్లీ వాడేముందు ఆగాల్సిన టైమ్), చచ్చినవాళ్లని లేపే స్కిల్, అన్నీ. దొంగచాటుగా ఏం చెయ్యలేదు, ముందే పబ్లిక్ టెస్ట్ సర్వర్‌లో (మార్పుల్ని అందరికీ వదిలేముందు ఆటగాళ్లు ఆడి చూసే వేరే సర్వర్) పెట్టి, ఏం మారిందో నోట్స్ కూడా ఇచ్చాం. అయినా లైవ్‌లో (అసలు గేమ్‌లో) వదిలిన రాత్రే పెద్ద గిల్డులవాళ్లు (ఆటగాళ్ల జట్లు) హీలర్ గేరంతా (ఆయుధాలు, కవచాలు) గేమ్ మార్కెట్లో కొనేసి ఊడ్చేశారు. మిగతావాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి తిడుతున్నారు. అసలు టెస్ట్ సర్వర్ ఎలా పెట్టాలో చెప్పండి, అర్జెంట్.

లక్డీకాపూల్ లా పాయింట్:
తమ్ముడూ, ముందుగాల చట్టం చూసుకో. మన తెలంగాణల 2017లనే ఆన్‌లైన్ రమ్మీ బంద్ జేసిన్రు. 2025ల కేంద్రం కూడ పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల మీద చట్టం తెచ్చింది. స్కిల్ గేమ్ అంటే ఇడిచిపెడ్తరనుకోకు.

మాదాపూర్ మంత్రగాడు:
సార్, మాది కత్తులు, దయ్యాల గేమ్. పేక ముక్కే లేదు.

లక్డీకాపూల్ లా పాయింట్:
మార్కెట్ అన్నవ్ గదా, గందుకే చెప్పిన.

రాత్రి డ్యూటీ:
టెస్ట్‌లోకి ఎవరు రావచ్చు?

మాదాపూర్ మంత్రగాడు:
ఎవరైనా. పబ్లిక్ అన్నాను కదా.

రాత్రి డ్యూటీ:
ఫోనా, పీసీయా?

మాదాపూర్ మంత్రగాడు:
పీసీనే. బిల్డ్ (టెస్ట్‌కి ఇచ్చే గేమ్ కాపీ) తియ్యడం సులువు. లైవ్‌లో మాత్రం ఎక్కువమంది ఫోన్‌లోనే ఆడతారు. లెవెల్ 50 దాటినవాళ్లు తమ క్యారెక్టర్ కాపీ చేసుకుని రావచ్చు. ఎక్కడైనా ఇంతే కదా.

రాత్రి డ్యూటీ:
మరి పబ్లిక్ ఎక్కడ?

ఇంజినీర్ మెయిన్:
అసలు రోగం అది కాదు, ఒక్క క్లాసునే మార్చడం. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే తుపాకుల గేమ్‌లో ఒక్కో క్లాసునే మార్చారు: 2008 ఏప్రిల్‌లో మెడిక్ (వాళ్ల హీలర్), జూన్‌లో పైరో, ఆగస్టులో హెవీ. మా ఇంజినీర్‌కి వచ్చేసరికి 2010 జులై! మెడిక్ అప్‌డేట్ వచ్చినప్పుడు చూడాలి, కొత్త ఆయుధాల కోసం ఏ సర్వర్‌కెళ్లినా మెడిక్‌లే, కాల్చేవాడు లేడు. మార్చితే అన్ని క్లాసులూ ఒకేసారి మార్చాలి.

రాత్రి డ్యూటీ:
చిన్న స్టూడియో అన్నాడు.

గచ్చిబౌలి బగ్గు:
మంత్రగాడు గారూ, లెవెల్ 50 గేటే మీ కొంప ముంచింది. పరీక్షకి ముందే కొందరికి పేపర్ చూపిస్తే ర్యాంకులు ఎవరికొస్తాయి? ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అనే గేమ్ టెస్ట్ సర్వర్‌లో ఫుల్ లెవెల్ టెంప్లేట్ క్యారెక్టర్లు రెడీగా ఉంటాయి. నిన్న చేరినవాడు కూడా కొత్త స్కిల్ నొక్కి చూడొచ్చు. మీరూ అది పెట్టండి.
ఫోన్ సంగతి. ప్లే స్టోర్ ఓపెన్ టెస్టింగ్‌లో అదే ప్యాకేజ్ పేరుతో (ఫోన్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) వదిలితే లైవ్ యాప్ మీదే ఎక్కి కూర్చుంటుంది, జనం జడుసుకుంటారు. వేరే ప్యాకేజ్ పేరు ఇస్తే రెండూ పక్కపక్కన ఉంటాయి. ఐఫోన్‌కి యాపిల్ వాళ్ల టెస్టింగ్ యాప్ టెస్ట్‌ఫ్లైట్ ఉంది, బయటివాళ్లని 10,000 మంది దాకా తీసుకోవచ్చు, కానీ బిల్డ్ 90 రోజులే పనిచేస్తుంది.
ఇంకోటి, నోట్స్ ఎక్కడిచ్చారు?

మాదాపూర్ మంత్రగాడు:
డిస్కార్డ్ చాట్ గ్రూప్‌లో. ఇంగ్లిష్‌లో.

గచ్చిబౌలి బగ్గు:
గేమ్ ఓపెన్ చెయ్యగానే కనబడేలా పెట్టండి, తెలుగు, హిందీ కూడా. ఏ గేర్‌కి విలువ పెరుగుతుందో టెస్టర్లకి ముందే తెలిసిపోయింది, మిగతావాళ్లకి తెలీదు, గొడవంతా అక్కడే. చివరి వారం అంకెలు కదపకండి, టెస్ట్‌లో చూసింది ఒకటి, లైవ్‌లో వచ్చింది ఇంకోటి అయితే మళ్లీ తిట్లే. లైవ్ రోజున హీలర్లందరికీ స్కిల్ పాయింట్లు ఫ్రీగా వెనక్కివ్వండి.

పాత గిల్డ్ పెద్దన్న:
ఇంత తంటా ఎందుకు? ఫైనల్ ఫాంటసీ 14 గేమ్‌కి అసలు పబ్లిక్ టెస్ట్ సర్వరే లేదు. ప్యాచ్ వచ్చిన రోజే అందరూ చూస్తారు, అందరూ ఒకేసారి చస్తారు. వావ్‌లో (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) బాసుల్ని, అంటే పెద్ద శత్రువుల్ని, పీటీఆర్‌లో (వాళ్ల టెస్ట్ సర్వర్) ముందే కొట్టి చూసుకుంటారు, తర్వాత ప్రపంచంలో ముందు మేమే కొట్టాం, వరల్డ్ ఫస్ట్ అని అరుస్తారు.

గచ్చిబౌలి బగ్గు:
పెద్దన్నా, వాళ్లకి లోపల బగ్గులు వెతికే పెద్ద క్యూఏ టీమ్ ఉంటుంది. ఇక్కడ ముగ్గురో నలుగురో ఉంటారు, బగ్గులు జనమే పట్టాలి.

పాత గిల్డ్ పెద్దన్న:
అట్లయితే అది టెస్ట్ సర్వర్ కాదు, బీటా.

ఇంజినీర్ మెయిన్:
బీటా అంటే గేమ్ విడుదలకి ముందు పెట్టేది.

పాత గిల్డ్ పెద్దన్న:
ఏళ్ల తరబడి బీటాలోనే ఉన్న గేములు బోలెడు చూశా, నువ్వు చెప్పకు.

రాత్రి డ్యూటీ:
పేరు ఏదైతే ఏంటి. టెస్ట్‌లో ఆడినదానికి లైవ్‌లో ఏమైనా ఇచ్చారా?

మాదాపూర్ మంత్రగాడు:
బగ్ రిపోర్ట్ చేసినవాళ్లకి కాస్త గోల్డ్. కష్టపడ్డారు కదా పాపం.

రాత్రి డ్యూటీ:
ఆ గోల్డ్‌తోనే మార్కెట్ ఊడ్చి ఉంటారు. టైటిలో, డ్రెస్సో ఇవ్వాల్సింది.

మాదాపూర్ మంత్రగాడు:
మార్కెట్ లాగ్స్ తీయమన్నా, చూస్తాం. టెంప్లేట్లు పెట్టొచ్చంట, సర్వర్ వాళ్లు సరే అన్నారు. ఫోన్ బిల్డ్ సంగతి మా బాస్‌ని అడగాలి. థాంక్స్ అందరికీ, తినడానికి పోతున్నా.

ఉప్పల్ విల్లుగాడు:
మీ గేమ్ నేనూ ఆడతా అన్నా. ఆర్చర్‌ని ఎప్పుడు మారుస్తున్నరు?