చేతక్ మీటరు ముల్లు ఊగుతోంది: కేబుల్‌కు గ్రీజు పెట్టాలా, మీటరే విప్పాలా?

చేతక్_1989
నా దగ్గర 1989 నాటి బజాజ్ చేతక్ ఉంది. ఇంజను బాగుంది, మీటరు ముల్లే కుదురుగా ఉండడం లేదు. వేగం ముప్పై దాటగానే ఇరవైకీ యాభైకీ మధ్య కొట్టుకుంటుంది. కిలోమీటర్ల అంకెలు మామూలుగానే తిరుగుతున్నాయి. మెకానిక్ కొత్త మీటరు వేసేద్దామంటున్నాడు. అలా చేస్తే అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి, అది నాకు ఇష్టం లేదు. పాతదాన్నే బాగు చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్ పెద్దన్న
కేబులే బాబూ. వేరే ఆలోచన వద్దు. లోపలి వైరు బయటికి లాగి, కిరోసిన్‌లో కడిగి, ఆరాక నిండా గ్రీజు పట్టించి మళ్లీ దూర్చు. ముల్లు బుద్ధిగా నిలబడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టినప్పటి నుంచి నాది ఇదే పద్ధతి.

లెక్కల మాస్టారు
దయచేసి "నిండా" పట్టించకండి. ఈ మీటరులో ముల్లుకూ కేబుల్‌కూ అసలు అతుకే లేదు. కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. దాని మీద, తగలకుండా, అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు, అంటే లోహంలో సుడులుగా తిరిగే కరెంటు, పుట్టి గిన్నెను అయస్కాంతంతో పాటు లాగుతాయి. వెంట్రుక లాంటి సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఆపుతుంది. ఆ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. ఒట్టో షుల్జ్ 1902లో జర్మనీలో పేటెంటు పొందిన పద్ధతి ఇదే.

ఇక గ్రీజు సంగతి. లోపలి వైరు సన్నని తీగలను మెలికలుగా చుట్టి చేసినది. తిరుగుతున్నప్పుడు అది మరమేకులాగా పనిచేసి గ్రీజును పైకి తోడగలదు. అది మీటరులోకి చేరి గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య జిగురుగా పట్టుకుంటే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపుతుంది, బండి ఆగినా సున్నాకు రాదు. అందుకే పలుచని పూత చాలు, అదీ కింది భాగానికే. మీటరు వైపు నాలుగు అంగుళాలు పొడిగా వదిలేయాలి.

స్కూటర్ సుబ్బు
ఫోనులో జీపీఎస్ వేగం చూపిస్తుంది కదండీ. ఇంత గొడవ ఎందుకు?

ఆటోనగర్ పెద్దన్న
మాస్టారూ, నాలుగు అంగుళాలు ఎవరు కొలిచి చెప్పారు? మూడైతే మునిగిపోతుందా? నేను గ్రీజు పెట్టిన బండ్లు ఇంకా తిరుగుతున్నాయి.

లెక్కల మాస్టారు
బండ్లు తిరుగుతున్నాయి, నిజమే. మీటర్లు సరైన వేగం చూపుతున్నాయా అన్నది నా ప్రశ్న. నాలుగు అన్నది గీత గీసిన లెక్క కాదు, పై చివర పొడిగా ఉండాలన్నది ముఖ్యం.

ఆటోనగర్ పెద్దన్న
అదిగో, ఇప్పుడు గీత లేదంటున్నారు. మొదట నాలుగు అన్నారు.

చేతక్_1989
పెద్దలిద్దరికీ దండాలు. అసలు తప్పు కేబుల్‌లో ఉందో మీటరులో ఉందో నాకు ఎలా తెలుస్తుంది?

లెక్కల మాస్టారు
మీటరు వెనక కేబుల్ విప్పండి. ముందు చక్రం నేల నుంచి లేపి చేత్తో తిప్పండి. మీ చేతక్‌లో కేబుల్‌ను తిప్పే పినియను, అంటే చిన్న పళ్ల చక్రం, ముందు చక్రం దగ్గరే ఉంటుంది. కేబుల్ చివర సమంగా తిరిగితే కేబుల్ మంచిదే. ఆగి ఆగి ఒక్కసారిగా గిరుక్కున తిరిగితే లోపలి వైరు ఎక్కడో పట్టేస్తోందన్నమాట. తరువాత మీటరులోకి చిన్న వైరు ముక్క దూర్చి వేళ్లతో తిప్పండి. ముల్లు మెత్తగా లేచి సున్నాకు తిరిగి రావాలి. వదిలేసినా రాకపోతే మీటరు విప్పాల్సిందే. అంకెలు తిరుగుతున్నాయి కాబట్టి కేబుల్ తెగలేదు, పినియను పళ్లు కూడా అరిగిపోలేదు. కుదుపులతో తిరిగినా మొత్తం చుట్లు అన్నే కాబట్టి అంకెలకు తేడా రాదు, ముల్లే ఆడుతుంది.

చేతక్_1989
చూశాను. హ్యాండిల్ కింద కేబుల్ గట్టిగా మడత పడి ఉంది. హెడ్‌లైటు బాగు చేసినప్పుడు ఎవరో అడ్డంగా తోసేసినట్టున్నారు. వైరు అక్కడ పట్టేస్తోంది. ఇంకో సంగతి: వేళ్లతో తిప్పి వదిలితే మీటరు ముల్లు సున్నాకు రాకుండా పది దగ్గర ఆగిపోతోంది.

ఆటోనగర్ పెద్దన్న
చెప్పానా లేదా, కేబులే.

లెక్కల మాస్టారు
చెప్పానా లేదా, మీటరు కూడా. పాత నూనె లోపల గట్టిపడి ఉంటుంది. కొత్త కేబుల్ తెచ్చుకోండి, వంపు ఆరంగుళాల వ్యాసార్ధానికి తగ్గకుండా తిప్పండి. తరువాత మీటరు అంచున మడిచిన రేకు రింగును చుట్టూ కొంచెం కొంచెంగా లేపి విప్పండి. ఎట్టి పరిస్థితిలోనూ ముల్లును లాగకండి, స్ప్రింగు పాడవుతుంది. ఇరుసు దగ్గర శుభ్రం చేసి, గడియారాలకు వాడే నూనె ఒక్క చుక్క చాలు.

వాణి_నల్గొండ
ఇంతసేపూ ఊరకే చదువుతున్నాను, ఇక ఉండలేక రాస్తున్నాను. మీటరు విప్పమని పబ్లిగ్గా నేర్పడం ఏమిటండీ? నేను ఒక పాత స్కూటరు కొన్నాను. మీటరులో పద్దెనిమిది వేలు. నెల తిరక్కుండా ఇంజను పని చెప్పింది. సీటు కింద పెట్టెలో పాత సర్వీసు పుస్తకం దొరికింది. అందులో ఎప్పుడో అరవై ఒక్క వేలు అని రాసి ఉంది. అమ్మినవాడిని అడిగితే "మీటరు రిపేరు చేయించాం మేడం" అన్నాడు. ఆ రిపేరు చేసిన చేతులు కూడా మీలాగే నూనె చుక్క గురించి మాట్లాడి ఉంటాయి.

లెక్కల మాస్టారు
అమ్మా, మీకు జరిగింది మోసమే. దానికి ముల్లు బాగు చేయడంతో సంబంధం లేదు. పైగా ఈ అంకెలను అంతగా నమ్మడం దేనికి? ఈ పాత స్కూటర్ల మీటర్లలో వేల లెక్క ఐదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నాలు. 1989 బండికి ముప్పై వేలని ఉంటే అది ముప్పై వేలా, లక్షా ముప్పై వేలా? మీటరు చెప్పదు. బండి సంగతి ఇంజను చెబుతుంది.

వాణి_నల్గొండ
అంకెలు నమ్మదగినవి కాకపోతే, ఆ బండి ఆయనకు కొత్త మీటరు వేసుకోవడానికి ఏమి అభ్యంతరం? సున్నా అంటే ఎందుకు భయపడుతున్నారు? మొదటి ప్రశ్నలోనే రాశారు. ఎవరూ అడగలేదు.

స్కూటర్ సుబ్బు
ఇది మంచి ప్రశ్న.

ఆటోనగర్ పెద్దన్న
చెల్లెమ్మ సరైన చోట పట్టుకుంది. ఇప్పుడు నేనూ ఒక మాట చెబుతాను. నేను మీటరు విప్పను. విప్పడం రాక కాదు. షెడ్డుకు వచ్చి "మీటరు ఆడుతోంది, కొంచెం చూడన్నా" అనేవాళ్లలో సగం మందికి ముల్లు కాదు, అంకెలు కావాలి. ఒకసారి నేను నిజంగా ముల్లే బాగు చేసి ఇచ్చాను. ఆ బండి కొన్నవాడు రింగు మీద స్క్రూడ్రైవరు గాట్లు చూసి, అంకెలు తిప్పానని మా షెడ్డు ముందు పది మందిని పోగేశాడు. బండి అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. మాట పడింది నేను. అప్పటి నుంచి కేబుల్ వరకే నా పని, మీటరు జోలికి పోను.

లెక్కల మాస్టారు
అంటే ఇన్ని పోస్టులుగా గ్రీజు గురించి నాతో వాదించింది ఇందుకా? ముందే చెబితే నాలుగు అంగుళాలు మిగిలేవి.

ఆటోనగర్ పెద్దన్న
మీరు పుస్తకంలోంచి మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండింది, అది వేరే సంగతి. గ్రీజు మీద నా మాట మారలేదు.

చేతక్_1989
దాచేదేమీ లేదు. బండి అమ్ముతున్నాను. పాత బండ్లు సేకరించే ఒకాయన అసలు మీటరు, అసలు అంకెలు ఉంటేనే నేను అడిగిన ధర ఇస్తానన్నారు. మీటరులో నలభై రెండు వేలు ఉంది, అది నిజమైన లెక్కే, మా నాన్నగారు రాసుకున్న పెట్రోలు పుస్తకాలు కూడా ఉన్నాయి. అంకెలను ముట్టుకోను. ముల్లు నిలబడితే చాలు.

వాణి_నల్గొండ
మీరు ముట్టుకోరని మీకు తెలుసు. కొనేవాడికి ఎలా తెలుస్తుంది? నాకు అమ్మినవాడు కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడాడు.

లెక్కల మాస్టారు
ఇక్కడ వాణి గారితో ఏకీభవిస్తాను. విప్పే ముందు అంకెలు కనబడేలా ఫోటో తీయండి, విప్పాక లోపలి భాగం ఒకటి, బిగించాక ఒకటి. తేదీ వేసి పెట్రోలు పుస్తకంలో రాయండి. కొత్త మీటరు వేసుకున్నా ఇదే పద్ధతి, పాత అంకె రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

ఆటోనగర్ పెద్దన్న
ఫోటోలు ఎవరైనా ముందు ఒకటి, తరువాత ఒకటి తీసుకోవచ్చు మాస్టారూ. కొనేవాడిని పిలిచి అతని ఎదుటే విప్పించండి. రింగు గాట్లు కూడా అతనే చూసుకుంటాడు.

స్కూటర్ సుబ్బు
అలా అయితే ఆయన ధర తగ్గించమంటాడు.

ఆటోనగర్ పెద్దన్న
తగ్గించమంటాడు. అందుకే ఎవరూ పిలవరు.

చేతక్_1989
కొత్త కేబుల్ వేయించాను, వంపు సరిచేశాం. పై చివర పొడిగానే వదిలాం, పెద్దన్న క్షమించాలి. ముల్లు ఊగడం లేదు. బండి ఆగినా పది దగ్గరే నిలబడుతోంది. మీటరు ఇంకా విప్పలేదు.

వాణి_నల్గొండ
విప్పితే ఆ సంగతి అమ్మకం ప్రకటనలో రాస్తారా, రాయరా? ఒక్క మాటలో చెప్పండి.

ఆటోనగర్ పెద్దన్న
రాయకపోతే ఈ చర్చ మొత్తం ఆ కొనేవాడికి నేనే పంపిస్తాను.

చేతక్_1989
రాస్తాను. ధర మాత్రం తగ్గించను.