సొమాలీ కరపత్రం: హర్‌గెయ్సా రాసింది, మొగదిషు దిద్దింది, బైదోవా మాది కాదంది. ఏది అచ్చు వెయ్యాలి?

గవర్నర్‌పేట డీటీపీ అడిగారు:

గుంటూరులో ఒక ఆస్పత్రికి నాలుగు పేజీల కరపత్రం కంపోజ్ చేస్తున్నాం. చుట్టుపక్కల కాలేజీల్లో చదివే సొమాలీ విద్యార్థుల కోసం. జ్వరమొస్తే ఏం చెయ్యాలి, మందులు ఏ వేళకి వేసుకోవాలి, ఏం తినకూడదు, ఎప్పుడు పరుగెత్తుకు రావాలి, అంతే. అనువాదం ఉత్తరానున్న హర్‌గెయ్సా అమ్మాయిది. ప్రూఫు చూసిన, సొమాలియా రాజధాని మొగదిషు కుర్రాడు పేజీ నిండా ఎర్రగీతలు పెట్టాడు. దక్షిణాన లోతట్టు ఊరు బైదోవా అతనికి చూపిస్తే "చదవగలను గానీ మా ఇంట్లో మాట్లాడేది ఇది కాదు" అన్నాడు. ముగ్గురూ మాది సొమాలీయే అంటున్నారు. ఎర్రగీతల్లో చాలావరకు డి-హెచ్ తీసేసి ఆర్ పెట్టమనే. ఫైండ్-రీప్లేస్ కొట్టేస్తే అయిపోతుందా? ఫాంటు ఏమైనా వేరే కావాలా?

బ్రాడీపేట భాషాపిచ్చి:

ముందు ఒక సంగతి. మొగదిషు కుర్రాడి అభ్యంతరం, బైదోవా అతని అభ్యంతరం ఒక గాటన కట్టేవి కావు. మొదటిది యాస, వర్ణక్రమం గొడవ. రెండోది దాదాపు భాషే వేరు.

సొమాలీ మాండలికాల్ని లాంబెర్తి అనే భాషావేత్త 1986లో ఐదు గుంపులు చేశాడు: ఉత్తరం, బెనాదిర్, అష్రాఫ్, మాయ్, దిగిల్. మీ పనికి అంత లోతు అక్కర్లేదు. జనం వాడే విభజన రెండే: మహా, మాయ్. "ఏమిటి" అన్న ప్రశ్నకి ఒకరు "మహా" అంటారు, ఒకరు "మాయ్" అంటారు, ఆ పేర్లు అలా వచ్చాయి. హర్‌గెయ్సా, బుర్‌ఓ, జిబూతి, ఇథియోపియాలో జిగ్‌జిగా వైపు, కెన్యాలో గారిస్సా, వజీర్ వైపు ఎక్కువగా వినపడేది మహా. మొగదిషు తీరంలోని బెనాదిర్ యాసని కూడా మామూలుగా ఇందులోనే కలుపుతారు. మాయ్‌కి గుండెకాయ బైదోవా. జుబ్బా, షెబెల్లె నదుల మధ్య ప్రాంతం, బాయ్, బకూల్ జిల్లాలు దానివి.

1972లో లాటిన్ లిపి అధికారికంగా ప్రకటించినప్పుడు బడి పుస్తకాలకీ ఆఫీసు కాగితాలకీ తీసుకున్నది మహా. అందుకే బైదోవా అతను చదవగలిగాడు, బడిలో నేర్చుకున్నది అదే కాబట్టి. 2012 తాత్కాలిక రాజ్యాంగం మాత్రం అధికార భాష సొమాలీ అని రాసి మాయ్, మహా రెండిటి పేర్లూ చెప్పింది.

కాబట్టి అచ్చుకి మహా ఒక్కటే చాలు. మాయ్ సంగతి అచ్చుతో తేలదు.

అరండల్‌పేట ప్రూఫ్ రీడర్:

ఫైండ్-రీప్లేస్ కొట్టకండి అన్నా, కరపత్రం పాడవుద్ది.

డి-హెచ్ అంటే మన ధ కాదు. సొమాలీలో ఉత్త డి మన ద, డి-హెచ్ మన డ. ఆ డ, అ, ఇ లాంటి అచ్చు తర్వాత వచ్చినప్పుడు బెనాదిర్ వాళ్ల నోట ర అవుద్ది. అందుకే ఉత్తరాన అమ్మాయిని గబడ్ అంటే కింద గబర్. "అన్నాడు" అనటానికి అక్కడ యిడి, ఇక్కడ యిరి. బండికి గాడి, గారి. (హిందీ గాడీయే సముద్రం దాటి వెళ్లింది.) హర్‌గెయ్సా రాత డ, మొగదిషు రాత ర. రెండూ అచ్చులో నడిచేవే, ఏదీ తప్పు కాదు.

మాట మొదట్లో వచ్చే డ మాత్రం మారదు. రక్తానికి డీగ్, ఆర్ పెట్టారంటే అర్థం లేని మాట మిగులుద్ది. డాక్టరుకి డఖ్తర్, అదీ అంతే. హల్లు పక్కనున్న డ కూడా ఇబ్బందే. జ్వరానికి ఖండో అనే మాటలో డ ముందు న ఉంది, దాన్ని ముట్టుకోకూడదు. ఇంకో మెలిక: "ఆ అమ్మాయి" అనాలంటే ఉత్తరాన గబడ, కింద గబర్త. డ తీసి ర పెడితే గబర అవుద్ది, అది రెండు యాసల్లోనూ లేదు. ప్రత్యయంలో త ఒకచోట కలిసిపోద్ది, ఇంకోచోట తేలుద్ది. మిషను ఇది చెయ్యలేదు, మనిషే చెయ్యాలి.

నా సలహా: ఏదో ఒక రాత పట్టుకుని చివరిదాకా అదే ఉంచండి. చదివేవాళ్లలో మొగదిషు వైపు వాళ్లు ఎక్కువైతే ర, హర్‌గెయ్సా, జిబూతి వైపైతే డ. ఒక పేజీలో గబడ్, ఇంకో పేజీలో గబర్ ఉంటే మాత్రం ఇద్దరూ నవ్వుతారు.

రాత కంటే మాటలు ఎక్కువ ఇబ్బంది. ఉత్తరం బ్రిటిష్ వాళ్ల కింద, దక్షిణం ఇటలీ కింద ఉన్నాయి కదా. బీరువాకి అక్కడ కప్‌బోర్డులోంచి వచ్చిన కబడ్, ఇక్కడ ఇటాలియన్ అర్మాజో. ఐస్‌క్రీముకి దక్షిణాన జలాతో. టమాటాకి ఉత్తరాన తమాండో, కింద యాన్యో. ఆహారం పేజీలో ఇలాంటివి మూడో నాలుగో తగులుతాయి. అక్కడ గీత పెట్టి రెండు మాటలూ వెయ్యండి, చోటేమీ పట్టదు. "కావాలి"కి ఉత్తరాన దోనయా, కింద రబా ఎక్కువ వాడతారు. "ఇప్పుడు"కి ఉత్తరాన ఇమిక, పుస్తకాల్లో హద్ద. ఇవి మాత్రం ఒకరిది ఒకరికి తెలుసు, వదిలెయ్యండి.

మన ఊరి కరపత్రం కాబట్టి మిరపకాయ ఎలాగూ ఉంటది. ఇద్దరికీ బస్‌బాసే, నిశ్చింతగా వేసుకోండి.

కొత్తపేట 522001:

ఇంత హైరానా ఎందుకండీ? శ్రీకాకుళం ఆయనా, చిత్తూరు ఆయనా, నల్గొండ ఆయనా మన గుంటూరు తెలుగు పేపరు చదువుకోవట్లేదా? వాళ్లూ అంతే. ఒకటి వేసేసి పంచెయ్యండి.

బ్రాడీపేట భాషాపిచ్చి:

హర్‌గెయ్సా, మొగదిషు మధ్య మీ పోలిక బాగానే నిలుస్తుందండీ. మాయ్ దగ్గర నిలవదు. శ్రీకాకుళం మనిషి మాట మొదట వింతగా ఉన్నా పూటలో అలవాటవుతుంది. మాయ్ ఎన్నడూ వినని హర్‌గెయ్సా మనిషికి మాయ్ సంభాషణ అందదు. అటునుంచి మాత్రం దారి ఉంది. బడి, రేడియో, బజారు వల్ల మాయ్ వాళ్లలో చాలామందికి మహా వచ్చు. ఒకవైపే తెరుచుకునే తలుపు అది. ఆస్పత్రుల్లో పొరపాటు అక్కడే మొదలవుతుంది: దుబాసీ చెప్పింది రోగికి కొంత అర్థమవుతుంది, రోగి తన భాషలో చెప్పింది దుబాసీకి అర్థం కాదు. దుబాసీ మొహమాటపడి తోచింది చెప్పేస్తాడు.

తేడా పైపైది కాదు. మహాలో సి అక్షరంతో రాసే శబ్దం గొంతు లోతులోంచి పలికే అరబ్బీ ఐన్. ఎక్స్‌తో రాసేది గొంతు లోపల రాపిడితో వచ్చే హ. ఈ రెండూ మాయ్‌లో లేవు. ఎక్స్ మామూలు హ అవుతుంది, సి మాయమవుతుంది. మహా వర్ణమాలలో లేని ప మాయ్ రాతలో ఉంటుంది, ఙ, ఞ లాంటి అనునాసికాలు కూడా. బహువచనం తీరు కూడా వేరు. మహాలో పుస్తకం బూగ్, పుస్తకాలు బూగగ్, చివరి హల్లు మళ్లీ పలుకుతుంది. మాయ్‌లో యల్ అనే ప్రత్యయం తగిలిస్తారు.

ఇక దిగిల్ గుంపులోని తున్ని, జిద్దు, దబర్రె, గర్రె వేరు. జిద్దు మాట్లాడేవాళ్లు మాయ్ వాళ్లకి కూడా కష్టమే.

ఏలూరు రోడ్డు దుబాసీ:

ఆస్పత్రి రిసెప్షన్‌కి పనికొచ్చేవి చెబుతాను.

"సొమాలీ వచ్చా" అని అడగొద్దు, అందరూ అవుననే అంటారు. "ఇంట్లో మహానా, మాయా" అని అడగండి. పాస్‌పోర్టు చూసి తేల్చుకోవద్దు. జిగ్‌జిగా మనిషిది ఇథియోపియా పాస్‌పోర్టు, గారిస్సా మనిషిది కెన్యాది, అయినా ఇద్దరిదీ సొమాలీయే. సొమాలియా పాస్‌పోర్టు ఉన్న, దక్షిణ తీరంలోని బరావే మనిషి ఇంట్లో స్వాహిలీకి దగ్గరైన చిమ్వీని మాట్లాడుతుండొచ్చు.

దుబాసీ, రోగి కలిశాక మూడు నిమిషాలు వాళ్లని మాట్లాడుకోనివ్వండి. తర్వాత "అర్థమైందా" అనకండి. దుబాసీ చెప్పిన మందుల వేళల్ని రోగి చేత తిరిగి చెప్పించండి. అలాగే నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి అని రోగి చెప్పింది దుబాసీ చేత రోగికే తిరిగి చెప్పించండి. రెండో పరీక్షలో తడబడితే మనిషిని మార్చాలి. ఆ దిశ ఎవరూ చూడరు, గొడవంతా అక్కడే ఉంటుంది.

వేళలు "రెండు గంటలకి" అని ఉత్తగా వెయ్యకండి. ఇథియోపియా లెక్కలో రోజు మన పొద్దున ఆరింటికి మొదలు, వాళ్ల రెండు మన ఎనిమిది. అంకె పక్కన పొద్దున, రాత్రి అని వెయ్యండి, ఇంకా మంచిది నమాజు వేళ పేరు వెయ్యడం: సుబహ్, దుహుర్, అసర్, మఖ్రిబ్, ఇషె. ఏ యాస వాళ్లకైనా అందుతుంది. ఇషె వేసవిలో, చలికాలంలో కాస్త జరుగుతుంది, మందు కచ్చితంగా పన్నెండు గంటలకొకసారి అయితే అంకె కూడా తప్పదు.

పేర్లు: సి-ఏ-ఎల్-ఐ అని రాస్తే అది కలీ కాదు, అలీ. ఎక్స్‌తో మొదలయ్యే హసన్‌ని క్సాసన్ అని పిలిస్తే అతను లేవడు. పాస్‌పోర్టులో ఇంగ్లీషు వరసన ఏ-ఎల్-ఐ, కాలేజీ కాగితంలో సొమాలీ వరసన సి-ఏ-ఎల్-ఐ ఉంటే కంప్యూటర్లో ఇద్దరు మనుషులైపోతారు. ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆ వరసలో. మూడోదాన్ని ఇంటిపేరు గడిలో కొట్టి దాంతో వెతికితే తాత పేరు కలిసిన వాళ్లంతా వస్తారు. పుట్టిన తేదీతో వెతకండి.

అరండల్‌పేట ప్రూఫ్ రీడర్:

ఫాంటు సంగతి మిగిలింది. ఏ మామూలు ఇంగ్లీషు ఫాంటైనా సరిపోద్ది, గుర్తులేమీ లేవు. ఇంగ్లీషు హైఫనేషనూ ఆటోకరెక్టూ ఆపెయ్యండి. డి-హెచ్, కె-హెచ్, ఎస్-హెచ్ జంటల్ని పంక్తి చివర విడగొట్టకూడదు, జంట అచ్చుల్ని కూడా. దీర్ఘం తగ్గితే అర్థమే మారుద్ది: దబ్ నిప్పు, దాబ్ పిడి. పశువులకి లొ' అంటారు, చివర చిన్న కొమ్ము ఉంది చూశారా, అది అక్షరం. కోటేషన్ అనుకుని తీసెయ్యొద్దు, వంకర కోటేషన్‌గా మారిందేమో చివర్లో ఒకసారి వెతకండి. స్వరం ఎత్తు మాత్రం రాతలో రాదు. ఇనన్ అని రాస్తే అబ్బాయో అమ్మాయో ఊనికని బట్టే తెలుస్తుంది. అందుకని పిల్లల డోసు పట్టికలో ఆ మాట వాడకండి, అబ్బాయికి వీల్, అమ్మాయికి గబడ్ వెయ్యండి.

గవర్నర్‌పేట డీటీపీ:

చాలా థాంక్స్ అండీ అందరికీ. హర్‌గెయ్సా అమ్మాయి రాతే ఉంచుతున్నా, తేడా వచ్చే మాటలకి గీత పెడతా. మాయ్ వాళ్లకి మరి ఏం చెయ్యను? రెండో కరపత్రానికి ఆస్పత్రి వాళ్లు డబ్బులివ్వరు.

ఏలూరు రోడ్డు దుబాసీ:

కరపత్రం వద్దు, మాయ్ రాత చదివే అలవాటు ఉన్నవాళ్లు తక్కువ. బైదోవా అతని చేత రెండు నిమిషాల ఆడియో చెప్పించండి. మహా కాగితం చూసి చదివించకండి, వాక్యం మహా వాక్యమే వస్తుంది. ఒక్కో అంశం మీరు ఇంగ్లీషులో చెప్పండి, అతను తన మాటల్లో చెప్పాలి. ఇంకో మాయ్ మనిషికి వినిపించి, ఏం విన్నాడో ఇంగ్లీషులో చెప్పించుకోండి. ఆ ఆడియోకి క్యూఆర్ కోడ్ చేసి కరపత్రం ఆఖరి పేజీలో వేసి పైన "అఫ్ మాయ్" అని పెద్దక్షరాల్లో పెట్టండి. ఫైలు పేరుకి సొమాలీ భాషా కోడ్ ఎస్-ఓ వాడొద్దు. మాయ్‌కి వేరే కోడ్ ఉంది: వై-ఎమ్-ఎమ్.